ఐదించుల టెలిస్కోపుతో డాబా మీంచి ఏం ఉపయోగం అని అడిగిన విజయనగరం తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు రెండు ముక్కల్లో ఇక్కడ పెడతాను, చదివే మిగతావాళ్లకి కూడా తెలియాలి కదా. నువ్వు ఈ మధ్యే 130 ఎంఎం రిఫ్లెక్టర్, అంటే ఐదించుల అద్దం ఉన్న టెలిస్కోపు కొన్నావు, 3ఐ అట్లాస్ తోకచుక్క కోసం డిసెంబర్‌లో పది రోజులు చలిలో లేచి వెతికావు, ఏమీ దొరకలేదు. అదే తోకచుక్క చుట్టూ జపాన్ వాళ్ల శాటిలైట్‌కి ఎక్స్-రేలు కనబడ్డాయని చదివావు. తోకచుక్క అంటే మంచుగడ్డ కదా, దానికీ ఎక్స్-రేలకీ ఏంటి సంబంధం అని ఒక ప్రశ్న. అన్నీ స్పేస్ టెలిస్కోపులే చూసేస్తుంటే మనం డాబా ఎక్కి చూసి ఎవరికి ఉపయోగం, అమ్మేద్దామనుకుంటున్నాను అని ఇంకోటి.

అమ్మకు. ఆ మాట ముందు చెప్పేసి మిగతాది మెల్లగా చెప్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

నాది నరసన్నపేట. మెడికల్ షాపు. రాత్రి పదింటికి షట్టర్ దించి ఇంటికొచ్చి అన్నం తిని డాబా ఎక్కుతాను, పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. నా దగ్గర ఉన్న టెలిస్కోపు ఆరించులది, అంటే నీదానికంటే ఒక్క ఇంచి పెద్దది, అంతే. ఏ చుక్క ఏ రాత్రి ఎంత వెలుగుతోందో దాంతో వేసిన లెక్కలు ఏడు లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి.

ముందు నీకు 3ఐ అట్లాస్ ఎందుకు కనబడలేదో చూద్దాం. 2025 జులై 1న చిలీలో ఉన్న అట్లాస్ సర్వే టెలిస్కోపు దాన్ని పట్టుకుంది, మన సూర్యుడి కుటుంబానికి చెందనిది, బయట నుంచి గంటకి 2 లక్షల కిలోమీటర్ల పైన స్పీడుతో వచ్చింది, అలాంటివి మనం చూడటం ఇది మూడోసారి. అక్టోబర్ ఆఖరున సూర్యుడికి దగ్గరగా వెళ్లి డిసెంబర్ 19న భూమికి దగ్గరగా వచ్చింది, దగ్గర అంటే 27 కోట్ల కిలోమీటర్లు. పేపర్లలో "భూమికి సమీపంగా" అని చూసి అందరూ పెద్ద తోక ఊహించుకున్నారు. నువ్వు వెతికే టైముకి అది 11, 12 మాగ్నిట్యూడ్ దగ్గర ఉంది, మాగ్నిట్యూడ్ అంటే వెలుతురుకి వేసే నంబర్, నంబర్ పెరిగేకొద్దీ చుక్క మసక, పైగా నక్షత్రం అయితే ఆ వెలుతురంతా ఒక చుక్కలో ఉంటుంది, తోకచుక్కకి అదే వెలుతురు దూదిపింజలా పరుచుకుపోతుంది, ఆ దూది వెనకాల నీ ఊరి ఎల్ఈడీ వీధిలైట్ల వెలుతురు ఉంటే రెండూ కలిసిపోతాయి. 11 మాగ్నిట్యూడ్ నక్షత్రం నీ టెలిస్కోపుకి అందుతుంది, 11 మాగ్నిట్యూడ్ తోకచుక్క విజయనగరం టౌన్లోంచి అందదు. తప్పు నీ కంటిది కాదు, టెలిస్కోపుది కూడా కాదు.

అక్టోబర్‌లో వచ్చిన లెమ్మన్ తోకచుక్క అయితే నీకు కచ్చితంగా దొరికేది. దీపావళి టైముకి 4వ మాగ్నిట్యూడ్ దగ్గరికి వచ్చింది, సాయంత్రం వాయవ్యంలో కిందగా. నేను ఒక్క రోజే చూశాను, మర్నాడు దీపావళి పొగ, ఆ తర్వాత వారానికి మోంథా తుఫాను మబ్బులు, మన వైపు అక్టోబర్ నెలంటే అంతే.

ఇక ఎక్స్-రేల సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన కథ. 1996 మార్చిలో హయకుటాకే అనే తోకచుక్క భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు జర్మనీ వాళ్ల రోశాట్ అనే ఎక్స్-రే శాటిలైట్‌ని దాని వైపు తిప్పి చూశారు. కోట్ల డిగ్రీల వేడి ఉన్న చోట్ల నుంచి వచ్చే ఎక్స్-రేలు మంచుగడ్డ చుట్టూ, అదీ సూర్యుడి వైపు నెలవంక ఆకారంలో కనబడ్డాయి. ఎవరూ అంత ఊహించలేదు. మరుసటేడు థామస్ క్రేవెన్స్ అనే ఆయన దానికి లెక్క చెప్పాడు. సూర్యుడి నుంచి గాలిలా వచ్చే కణాల్లో ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఆక్సిజన్, కార్బన్ లాంటివి కొన్ని ఉంటాయి, ఆక్సిజన్‌కి ఉండాల్సిన ఎనిమిదిలో ఏడో, ఒక్కోసారి మొత్తం ఎనిమిదీనో పోయి ఉంటాయి. అవి తోకచుక్క చుట్టూ ఉన్న ఆవిరిలోకి దూసుకొచ్చి అక్కడి నీటి అణువు దగ్గర్నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుంటాయి. లాక్కున్న ఎలక్ట్రాన్ ముందు పైమెట్టు మీద కూర్చుంటుంది, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. మన ఉద్దానంలో కొబ్బరికాయ ఎంత ఎత్తు నుంచి పడితే అంత గట్టిగా చప్పుడవుతుంది చూడు, అలాగ ఆ ఎలక్ట్రాన్ దిగిన ఎత్తుని బట్టి వెలుతురు వస్తుంది, అంత ఆకలిగా ఉన్న ఆక్సిజన్‌లో ఆ ఎత్తు చాలా ఎక్కువ కాబట్టి వచ్చేది మామూలు వెలుతురు కాదు, ఎక్స్-రే. తోకచుక్క వేడెక్కక్కర్లేదు. సూర్యుడి గాలీ తోకచుక్క ఆవిరీ ఎక్కడ కలుస్తున్నాయో ఆ ఎక్స్-రే మనకి చూపిస్తుంది.

మొన్న నవంబర్ ఆఖర్లో జపాన్ వాళ్ల ఎక్స్‌రిజం శాటిలైట్ 17 గంటలు 3ఐ అట్లాస్‌ని చూసింది, చుట్టూ 4 లక్షల కిలోమీటర్ల మేర మసగ్గా ఎక్స్-రే వెలుతురు కనబడింది, డిసెంబర్ 3న యూరప్ వాళ్ల ఎక్స్ఎంఎం న్యూటన్ కూడా చూసింది. వేరే నక్షత్రం దగ్గర పుట్టిన తోకచుక్క నుంచి ఎక్స్-రేలు చూడటం ఇదే మొదలు. ఇది మన డాబా మీంచి అయ్యే పని కాదు, ఎందుకంటే ఎక్స్-రేలు భూమి గాలిని దాటి కిందికి రావు. అందుకే 1962లో రాకెట్ పైకి పంపితేగాని వృశ్చికరాశిలో స్కార్పియస్ ఎక్స్-1 ఉందని తెలీలేదు. మన ముంబై టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థ వాళ్లు 1968లో హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగరేసి అదే సోర్స్‌ని చూశారు, 1975లో ఇస్రో వాళ్లు ఆర్యభట్ట శాటిలైట్‌లో ఎక్స్-రే పరికరం పెట్టారు, తర్వాత ఎక్స్-రేలు చూసే శాటిలైట్లే పంపారు, 2015లో ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్, రెండూ శ్రీహరికోట నుంచే.

సరే, మరి మనమెందుకు అంటావు. ఇక్కడి నుంచే అసలు సమాధానం.

హంసరాశిలో ఎస్ఎస్ సిగ్ని అని ఒక చుక్క ఉంది. నిజానికి రెండు నక్షత్రాలు, ఒకటి వైట్ డ్వార్ఫ్, అంటే మంట ఆరిపోయి చిన్నగా కుదించుకుపోయిన నక్షత్రం, రెండోది సూర్యుడి కంటే చిన్న మామూలు నక్షత్రం, రెండూ ఒకదాని చుట్టూ ఒకటి ఆరున్నర గంటల్లో తిరిగేస్తాయి. చిన్న నక్షత్రం నుంచి గ్యాస్ జారి వైట్ డ్వార్ఫ్ చుట్టూ పళ్లెంలాగ పేరుకుంటుంది, పేరుకుని పేరుకుని ఒక రోజు ఆ పళ్లెం ఒక్కసారి వేడెక్కి లోపలికి కూలుతుంది, అప్పుడు 12వ మాగ్నిట్యూడ్‌లో ఉన్నది ఒక రోజులో 8కి వచ్చేస్తుంది, అంటే నలభై రెట్లు. సుమారుగా యాభై రోజులకోసారి. సుమారుగా అన్న మాట గుర్తుంచుకో, ఒక్కోసారి ముప్పై రోజులు, ఒక్కోసారి ఎనభై, ఏ రోజో ఎవరూ ముందే చెప్పలేరు. ఇదే చుక్క ఎక్స్-రే సోర్స్ కూడా, ఎందుకంటే ఆ గ్యాస్ వైట్ డ్వార్ఫ్‌ని తాకే చోట కోట్ల డిగ్రీలు.

ఇప్పుడు ఎక్స్-రే శాటిలైట్ వాళ్ల కష్టం చూడు. పేలుడు మొదలయ్యేటప్పుడు ఎక్స్-రేలు ఎలా మారతాయో చూడాలి, ఎప్పుడు మొదలవుతుందో తెలీదు, శాటిలైట్‌ని యాభై రోజులు ఒక చుక్క మీద కూర్చోబెట్టలేరు. 1996 అక్టోబర్‌లో అమెరికాలో వేరియబుల్ స్టార్లు, అంటే వెలుతురు పెరిగి తగ్గే చుక్కలు, చూసేవాళ్ల సంఘం, ఏఏవీఎస్ఓ అంటారు, దాని డైరెక్టర్ జానెట్ మాటే గారు తన అమెచ్యూర్లందరికీ, అంటే మనలాగ ఇష్టంతో చూసేవాళ్లకి, చెప్పి పెట్టారు, ఎవరికి అది పైకి లేవడం కనబడినా వెంటనే చెప్పమని. చెప్పారు. శాటిలైట్లు తిరిగాయి. అప్పుడు తేలింది ఏంటంటే ముందు మామూలు వెలుతురు పెరుగుతుంది, ఎక్స్-రేలు దాదాపు ఒక రోజు ఆలస్యంగా పెరుగుతాయి, అంటే పేలుడు పళ్లెం బయట అంచున మొదలై లోపలికి వైట్ డ్వార్ఫ్ దాకా రావడానికి ఆ ఒక రోజు పడుతోంది. ఆ ఒక్క రోజు తేడా దొరికింది ఎవరి వల్ల? పెరట్లో నిలబడి మొదటి రాత్రే "నిన్నటికంటే బ్రైట్‌గా ఉంది" అని చెప్పినవాళ్ల వల్ల. తర్వాత రేడియో టెలిస్కోపులతో ఈ చుక్క దూరం కొలిచినప్పుడు కూడా అంతే, పేలుతున్నప్పుడే అది రేడియోలో కనబడుతుంది, అమెచ్యూర్లు కబురు పెడితేనే వాళ్లు టెలిస్కోపు తిప్పారు, 370 కాంతి సంవత్సరాలని 2013లో తేలింది. అంతకుముందు హబుల్‌తో కొలిచిన దూరం 500 పైన ఉండేది, అదే నిజమైతే ఆ పళ్లెం పేలుడు సిద్ధాంతమే నిలబడేది కాదు.

ఇంకోటి చెప్తాను. 2021 ఆగస్టులో ఆర్ఎస్ ఓఫియూకై అనే నోవా, అంటే వైట్ డ్వార్ఫ్ మీద పేలుడు జరిగి ఒక్కసారిగా వెలిగే చుక్క, పేలింది, మన వైపు వర్షాకాలం, నేను చూడలేకపోయాను. మొదట చూసినవాళ్లలో ఐర్లాండ్ అమెచ్యూర్ కీత్ గేరీ ఒకడు. ఆయన చెప్పాక గంటల్లో ప్రపంచమంతా దాని వైపు తిరిగింది, గామా రే టెలిస్కోపులు, ఎక్స్-రే శాటిలైట్లు, మన ఆస్ట్రోశాట్ కూడా. 2015 జూన్‌లో వీ404 సిగ్ని అనే బ్లాక్ హోల్ 26 ఏళ్ల తర్వాత లేచినప్పుడు దాని పళ్లెం మినుకుమినుకుమనడం మామూలు వెలుతురులోనే కనబడింది, అమెచ్యూర్ల టెలిస్కోపులు కూడా కలిసి తీసిన లెక్కలతోనే ఆ పరిశోధన నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది.

చిలీలో రూబిన్ అబ్జర్వేటరీ వచ్చేసింది కదా, ఆకాశంలో ఏది మారినా చెప్తూ రాత్రికి కోటి అలర్ట్‌లు ఇస్తుందట, ఇంక మన అవసరం ఏముంది అని నాతో చాలామంది అన్నారు. అది ఎనిమిది మీటర్ల అద్దం, దాదాపు 16వ మాగ్నిట్యూడ్ కంటే బ్రైట్‌గా ఉన్నవన్నీ దాని కెమెరాలో తెల్లగా పొంగిపోతాయి, కొలవడానికి పనికిరావు. అంత పెద్ద కంటికి ఆర్ద్ర నక్షత్రం, ఎస్ఎస్ సిగ్ని రెండూ చూడలేనంత వెలుతురు. ఆ బ్రైట్ చుక్కలన్నీ మన వాటా.

ఆర్ద్ర అన్నాను కదా. ఆరుద్ర కార్తె అని రైతులందరికీ తెలిసిన పేరే, ఇంగ్లీషులో బీటిల్‌జ్యూస్. 2019 డిసెంబర్ నుంచి 2020 ఫిబ్రవరి దాకా అది మసకబారింది గుర్తుందా, అప్పుడు నువ్వు చిన్నవాడివి అయ్యుంటావు. మామూలుగా 0.5 దగ్గర ఉండేది 1.6కి పడిపోయింది. ఫిబ్రవరి రెండో వారంలో ఒక రాత్రి డాబా మీద నిలబడి దాన్నీ పక్కనే ఉన్న బెల్లాట్రిక్స్‌నీ మార్చి మార్చి చూశాను, రెండూ ఒకటే. పదమూడేళ్లుగా ఎప్పుడు చూసినా ఆర్ద్ర ఎర్రగా పెద్దగా, బెల్లాట్రిక్స్ దాని ముందు చిన్నగా. ఆ రాత్రి రెండూ సమానంగా ఉంటే కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను, కిందికి వెళ్లి నీళ్లు తాగి వచ్చి మళ్లీ చూశాను. 1.6 అని రాసి పక్కన టైము వేశాను. దుమ్ము మేఘం ఒకటి, నక్షత్రం మీద చల్లబడిన భాగం ఒకటి, ఈ రెండూ కారణమని తర్వాత తేల్చారు. ఆ చుక్క వెలుతురు పెరిగి తగ్గడానికి పాటకి ఉన్నట్టు 400 రోజుల తాళం ఒకటి, 2,100 రోజుల తాళం ఇంకొకటి ఉన్నాయి, ఆ రెండోది దాదాపు ఆరేళ్లు, ఒక మనిషి ఒక సీజన్‌లో చూసి పట్టుకోగలిగేది కాదు, వందేళ్లుగా ఎవరెవరో రాసి పెట్టిన నంబర్లు వరసగా పేరిస్తేనే కనబడుతుంది. ఆ తాళానికి కారణం పక్కన ఇంకో చిన్న నక్షత్రం తిరుగుతుండటమే అని లెక్క వేశారు, 2025 జులైలో హవాయిలోని జెమిని టెలిస్కోపుతో దాన్ని చూశామని చెప్పారు.

ఈ పని మనవాళ్లకి కొత్తది కూడా కాదు తమ్ముడూ. 1840లోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టుకున్నారు, ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడం అక్కడి నుంచే చూశారు. 1867లో మద్రాసులో చింతామణి రఘునాథాచారి గారు ఆర్ రెటిక్యులి అనే వేరియబుల్ స్టార్‌ని కనిపెట్టారు. ఆయన పై అధికారి పాగ్‌సన్, ఇప్పుడు మనం వాడే మాగ్నిట్యూడ్ లెక్క, ఐదు మాగ్నిట్యూడ్‌లకి వంద రెట్లు అన్నది, ఆ పాగ్‌సన్ పెట్టిందే. హైదరాబాద్‌లో చదువుకున్న వైను బప్పు కుర్రతనంలో వేరియబుల్ స్టార్లతోనే మొదలుపెట్టి 1949లో ఒక తోకచుక్కకి తన పేరు పెట్టించుకున్నాడు.

ఇప్పుడు నీ పని. ఉత్తర కిరీటం రాశిలో టీ కరోనే బొరియాలిస్ అని ఒక చుక్క, 3,000 కాంతి సంవత్సరాల దూరం, అదీ జంటే, ఒక రెడ్ జెయింట్, అంటే బాగా ఉబ్బిన ఎర్ర నక్షత్రం, ఒక వైట్ డ్వార్ఫ్. 1866 మే 12న పేలింది, 1946 ఫిబ్రవరి 9న పేలింది, మామూలుగా 10వ మాగ్నిట్యూడ్, పేలితే 2, అంటే టెలిస్కోపు లేకుండా కంటికి కనబడుతుంది, వారం తిరక్కుండా మళ్లీ కంటికి అందకుండా పోతుంది. 2023లో కాస్త మసకబారింది, 1946 ముందు కూడా ఇలాగే అయింది కాబట్టి 2024లో పేలుతుందన్నారు. 2024 అయిపోయింది, 2025 కూడా ఆఖరికొచ్చింది, నేను నిన్న తెల్లవారుజామున చూసినా 10 దగ్గరే ఉంది.

దీని గురించి లెస్లీ పెల్టియర్ కథ నీకు తెలియాలి. అమెరికాలో ఒహాయోలో రైతుబిడ్డ, చిన్నప్పుడు స్ట్రాబెర్రీలు కోసిన కూలి డబ్బు 18 డాలర్లు కూడబెట్టి రెండించుల టెలిస్కోపు కొన్నాడు, మన పలాసలో పిల్లలు జీడిపిక్కలు ఏరి డబ్బులు కూడబెట్టుకుంటారు చూడు అలాగ. జీవితంలో లక్షా ముప్పై వేల పైన వేరియబుల్ స్టార్ లెక్కలు రాశాడు, పన్నెండు తోకచుక్కలు పట్టుకున్నాడు. టీ కరోనేని పాతికేళ్లు కాపు కాశాడు. 1946 ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండున్నరకి అలారం మోగింది, లేచాడు, జలుబు చేసేలా ఉందని మళ్లీ పడుకున్నాడు. ఆ రాత్రే పేలింది. నాకు ఈ కథ చదివినప్పుడల్లా గుండె పట్టేసినట్టుంటుంది. జ్వరమొచ్చినా లే అని నీకు చెప్పను, చలికాలంలో ఛాతీ పట్టేసి నా షాపుకి వచ్చేవాళ్లని రోజూ చూస్తాను. ఒక్కడే కాపు కాస్తే ఏదో ఒక రాత్రి జలుబు చేస్తుంది, అందుకే పదిమంది కావాలి, వేరు వేరు ఊళ్లలో. అమెరికాలో పగలున్నప్పుడు మనకి రాత్రి. మన రేఖాంశంలో రాసేవాళ్లు చాలా తక్కువ, ఆ గ్యాప్ నాకు రోజూ ఏఏవీఎస్ఓ సైట్‌లో అందరి లెక్కలూ కలిపి వేసే గ్రాఫ్‌లో కనబడుతుంది, యూరప్ వాళ్లు పంపిన లెక్కలుంటాయి, జపాన్ వాళ్లవి ఉంటాయి, మధ్యలో మన గంటలు ఖాళీ.

ఎలా చూడాలంటే, ఇప్పుడు ధనుర్మాసం కదా, అమ్మ ముగ్గు వెయ్యడానికి లేచే టైముకి, నాలుగున్నర ఐదు మధ్య, ఈశాన్యం వైపు చూడు. స్వాతి నక్షత్రం నారింజ రంగులో బాగా బ్రైట్‌గా ఉంటుంది, దానికి ఎడమగా కిందికి వస్తే గిన్నె ఆకారంలో ఏడు చుక్కలు, అదే కిరీటం. అందులో అన్నిటికంటే బ్రైట్ చుక్క అల్ఫెక్కా, 2.2. ముందు మామూలు కంటితోనే చూడు, అల్ఫెక్కాకి పోటీగా ఇంకో చుక్క వచ్చి కూర్చుంటే పేలినట్టే, టెలిస్కోపు పక్కనపెట్టి ముందు టైము రాసుకో. రాకపోతే గిన్నె అంచున ఎప్సిలాన్ అనే 4వ మాగ్నిట్యూడ్ చుక్క పట్టుకుని అక్కడి నుంచి ఒక డిగ్రీ జరిగితే టీ కరోనే ఉన్న చోటు అదే. ఏఏవీఎస్ఓ సైట్‌లో పేరు కొడితే చార్ట్ ఫ్రీగా వస్తుంది, లెక్కలు పంపడానికి నీకిచ్చే గుర్తు, అబ్జర్వర్ కోడ్, అది కూడా ఫ్రీనే. చార్ట్‌లో చుక్కల పక్కన 98, 106 అని ఉంటాయి, అవి 9.8, 10.6 అన్నమాట, దశాంశం చుక్క పెడితే దాన్నే నక్షత్రం అనుకుంటారని తీసేశారు.

ఇప్పుడు నీ చుక్క కంటే కొంచెం బ్రైట్ ఒకటి, కొంచెం డల్ ఒకటి ఎంచుకో. ఆ రెంటి వెలుతురు తేడాని మనసులో పది భాగాలు చేసి నీ చుక్క ఎక్కడుందో చెప్పాలి. 98కీ 106కీ సరిగ్గా మధ్యలో ఉంటే 10.2. ఎర్ర చుక్కల్ని మాత్రం గుడ్లప్పగించి చూడకు, ఎరుపు కంట్లో పోగవుతూ ఉంటుంది, ఎంత సేపు చూస్తే అంత బ్రైట్ అనిపిస్తుంది, టీ కరోనే ఎర్రదే కాబట్టి చటుక్కున చూసి కన్ను తిప్పెయ్. మొదటి నెల నీ లెక్కలు అర మాగ్నిట్యూడ్ అటూ ఇటూ తప్పుతాయి, యాభై రాత్రులయ్యాక తప్పు 0.2కి తగ్గుతుంది, నేను చాలామంది పిల్లలకి నేర్పాను, అందరికీ ఇలాగే. ఎస్ఎస్ సిగ్ని అడుగున ఉన్నప్పుడు నీ టెలిస్కోపుకి అందకపోవచ్చు, అప్పుడు నీకు కనబడిన అతి డల్ చుక్క నంబర్ తీసుకుని దానికంటే తక్కువ అని రాయి. కనబడలేదు అని టైముతో సహా రాసింది కూడా లెక్కే, మర్నాడు అది లేస్తే ఎప్పటి దాకా లేవలేదో చెప్పేది నీ ఆ లైనే.

టైము విషయంలో నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకు. ఏఏవీఎస్ఓ వాళ్లు అడిగేది యూనివర్సల్ టైము, అంటే ప్రపంచమంతా ఒకటే లెక్కగా వాడే టైము, మన టైములోంచి ఐదున్నర గంటలు తీసెయ్యాలి. తెల్లవారి నాలుగున్నరకి చూసింది అక్కడ ముందు రోజు రాత్రి పదకొండు, అంటే తేదీ కూడా మారాలి. నేను గంటలు తీసి తేదీ మార్చకుండా నాలుగు నెలలు పంపాను. ఎస్ఎస్ సిగ్ని గ్రాఫ్‌లో నా చుక్కలు ఒక పేలుడు ఎక్కేటప్పుడు అందరికంటే ఒక రోజు వెనక పడి ఉండటం చూసి అప్పుడు పట్టుకున్నాను. పైన చెప్పాను కదా ఆ ఒక్క రోజు తేడాకి ఎంత విలువో, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్కోటీ తీసి సరిచేశాను, నూటికి పైన ఎంట్రీలు. జూలియన్ డేలో, అంటే నెలలూ ఏళ్లూ లేకుండా రోజులకి వరసగా నంబర్లు వేసుకుంటూ పోయే పద్ధతిలో రాసుకుంటే ఈ బాధే లేదు, అది మన సాయంత్రం ఐదున్నరకి మారుతుంది, మన రాత్రంతా ఒకే రోజు కింద ఉంటుంది.

తోకచుక్కలకైతే ఇంకో పద్ధతి. ముందు తోకచుక్కని ఫోకస్‌లో చూసి దాని సైజూ వెలుతురూ మనసులో పెట్టుకుని, తర్వాత తెలిసిన నక్షత్రాన్ని ఫోకస్ తప్పించి అంత సైజు దూదిపింజ అయ్యేదాకా తిప్పి, రెండూ పోల్చాలి. ఎంత పెద్ద టెలిస్కోపు వాడితే తోకచుక్క అంత డల్ అనిపిస్తుంది, అందుకే దీనికి బైనాక్యులర్స్ మంచిది. నేను నేర్చుకున్నది 2018 డిసెంబర్‌లో విర్టానెన్ తోకచుక్క మీద. అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని పడుకోబెట్టేసింది, వజ్రపుకొత్తూరు వైపు మా పిన్ని వాళ్లింటికి మందులు పట్టుకుని అప్పట్లో చాలాసార్లు తిరిగాను. డిసెంబర్ 12 రాత్రి అక్కడే ఉండిపోయాను. చంద్రుడు దిగాక పెరట్లోకి వచ్చి చూస్తే, చిన్నప్పటి నుంచి ఆ పెరట్లో ఆకాశం కొబ్బరాకుల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా చూసినదాన్ని, ఒక్క చెట్టు కూడా లేదు, మొదళ్లు వరసగా, పైన ఆకాశం మొత్తం. పిల్లలకోడికి, అదే కృత్తికలకి, కిందగా అరచేతి మందం మసకగా వెలుతురు, కన్ను పక్కకి తిప్పితే కనబడేది, సూటిగా చూస్తే పోయేది. మా పిన్ని వచ్చి "ఏటే అమ్మీ, ఈ సలిలో ఏటి సూస్తన్నావు" అంది, చూపించాను. చాలాసేపు చూసి "ఇంత ఆకాశం ఉందేటే మన ఇంటి మీద" అంది. నేను బైనాక్యులర్స్‌తో లెక్క వేసి 4.6 అని రాశాను. నాలుగు రోజులకి అది భూమికి అతి దగ్గరగా వచ్చింది, అప్పటికి పెథాయ్ తుఫాను మబ్బు కమ్మేసింది.

నీ టెలిస్కోపు గురించి రెండు మాటలు. సముద్రం గాలి అద్దాన్ని తినేస్తుంది, నా మొదటి అద్దం మూడేళ్లకే మచ్చలు పడిపోయింది. చూడటం అయిపోయాక మంచు తడి ఉండగానే మూత పెట్టెయ్యకు, గదిలో ఫ్యాను కింద అరగంట ఆరనిచ్చి అప్పుడు మూత పెట్టు, లోపల సిలికా జెల్ పొట్లాలు వెయ్యి, మందుల సీసాల్లో వస్తాయి చూడు అవే, నీ దగ్గర మెడికల్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు, రంగు మారే రకమైతే మూకుడులో వేడి చేసి మళ్లీ వాడొచ్చు. అద్దం మీద దుమ్ము కనబడిందని గుడ్డ పెట్టి తుడవకు, దుమ్ముతో ఉన్న అద్దం పనిచేస్తుంది, గీతలు పడిన అద్దం పనిచెయ్యదు. టార్చికి ఎర్ర సెలోఫేన్ కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండ్ పెట్టు. ఫోన్ తీశావంటే చీకటికి అలవాటుపడిన కన్ను ఇరవై నిమిషాలు పోయినట్టే.

నెలకోసారి చింతపల్లి బీచ్ వైపు వెళ్లు, అమావాస్య దగ్గర్లో, ఇద్దరు ముగ్గురు కలిసి. తూర్పున సముద్రం మీద లైట్లుండవు, వేటకెళ్లిన పడవలవి తప్ప. రొయ్యల చెరువుల లైట్లు మాత్రం కాస్త దూరంగా ఉండేలా చూసుకో. మిగతా రోజుల్లో మీ డాబా చాలు, వేరియబుల్ స్టార్లకి టౌను ఆకాశం సరిపోతుంది, ఎందుకంటే నీ చుక్కా, పోల్చే చుక్కా రెండూ అదే వెలుతురులో ఉంటాయి.

రేపు తెల్లారి మబ్బు లేకపోతే లే. కిరీటం పట్టుకుని, టీ కరోనేకి ఒక నంబర్ వేసి, టైముతో సహా కాగితం మీద పెన్నుతో రాసి, అది ఫోటో తీసి నాకు పంపు. వెబ్‌సైట్లో మిగతావాళ్లు ఎంత రాశారో పంపేదాకా చూడకు. నేను కూడా అదే టైముకి నరసన్నపేట డాబా మీంచి చూస్తాను, నా నంబర్ నీది వచ్చాకే చెప్తాను, ముందే చెప్తే నీ కన్ను దాని వైపే లాగుతుంది.